ఆడబిడ్డ దగ్గర అర్జీ

రెంజల్ మగవాళ్లు వసంతమ్మకు పెట్టిన పేరు ‘కాపురాలు కూల్చే అక్క’. ఆమె ఏ పెళ్లి పందిట్లో అడుగుపెట్టినా పెళ్లికొడుకు తరఫువాళ్లకు లడ్డూ గొంతులో అడ్డం పడేది. ఆ పేరంటే ఆమెకు మహా ఇష్టం.

మొగుళ్ల చేత దెబ్బలు తిన్న ఆడవాళ్లకు అండగా నిలబడటం ఆమె ఉద్యోగం. ఇరవై ఏళ్లుగా బోధన్‌లో ఒక సంస్థలో అదే పని. నిధులిచ్చేవాళ్లు మారినప్పుడల్లా పనికి పేరు మారేది. ఢిల్లీ నుంచి ఎవరో వచ్చి, శిక్షణ ఇచ్చి, బిస్కెట్లు తిని వెళ్లేవారు. కొట్టేవాళ్లు మాత్రం ఏ శిక్షణా లేకుండానే చక్కగా కొట్టేవారు. ఊరూరా వసంతమ్మ చెప్పేది ఒక్కటే: "ఇంటి ముచ్చట ఇంట్లనే అనేటోన్ని ముందుగాల బయటికి తోలుండ్రి!"

మొన్న వానాకాలంలో ఒక పొద్దున ఆఫీసుకొచ్చేసరికి మెట్ల మీద శిరీష కూర్చుని ఉంది. స్వయానా తమ్ముడు దేవిదాస్ భార్య. పెదవి చిట్లింది, ఎడమచెయ్యి వాచింది.

"గీడికెందుకొచ్చినవే? ఫోన్ చేస్తే నేనే ఇంటికి వస్తుంటి గదా!"

"ఇంట్ల నువ్వు ఆడబిడ్డవు. గీడ మేడంవు. నాకు మేడంతోని పనుంది."

"నడువ్, ఇంటికి పోదాం. వాని సంగతి నేను జూస్త. ఇంటి ముచ్చట..." అంటూనే వసంతమ్మ నాలుక్కరుచుకుంది. అప్పటికే శిరీష లేచి చెప్పులు వేసుకుంటోంది. వసంతమ్మ సిగ్గుతో చచ్చిపోయింది.

తాళం తీసి, కుర్చీ లాగింది. వచ్చిన ప్రతి మనిషినీ అడిగినట్టే అడిగింది.

"కూసో బిడ్డా. నీ పేరేంది?"

శిరీష కాసేపు ఆమె మొహంలోకి చూసి కూర్చుంది. "శిరీష."

"కొట్టిందెవరు?"

"నా మొగడు." మీ తమ్ముడు అనలేదు.

ముందు దవాఖానాకు, అక్కణ్నుంచి పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్లింది. సాయంత్రానికి తల్లి ఫోన్.

"తోడబుట్టినోన్ని ఠాణాల కూసోవెడ్తవా? మళ్ల నా గడప తొక్కకు!"

"తొక్కనవ్వా. శిరీష బట్టలు జర గడప బయట పెట్టు, ఆటో పంపిస్త."

ఫోన్ పెట్టేసి బాత్రూంలోకి వెళ్లి ఏడ్చింది. ఆ తమ్ముణ్ని చంకనేసుకుని తిప్పింది ఆమే.

రాఖీ పండుగ ముందురోజు బోధన్ బజారులో అలవాటుగా దుకాణం ముందు ఆగింది. దేవిదాస్‌కు నచ్చే ఎర్ర రాఖీయే చేతికొచ్చింది. కళ్లనీళ్లు ఆగలేదు. దుకాణదారు నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"ఏం జూస్తున్నవ్? పెండ్లాన్ని కొడతవా?"

"అయ్యో, లేదక్కా!"

"మంచిది" అని ముక్కు చీదుకుని, రాఖీ అక్కడే పెట్టేసి, చేతికి కట్టుతో తన ఇంట్లోనే ఉంటున్న శిరీష కోసం జామపండ్లు కొనుక్కుని ఇంటికెళ్లింది.