పెద్దదీ చిన్నదీ

నేను మూడో తరగతి చదువుతున్న రోజుల్లో, రాజోలు దగ్గర మా ఇంట్లో నా పొట్ట గురించి రెండు పార్టీలుండేవి. పగటిపూట నాకు తెలియకుండానే గౌను తడిసిపోయేది; అదొక సమస్య. నాలుగైదు రోజులకోసారి గాని రెంటికి వెళ్ళేదాన్ని కాదు, అది ఇంకొకటి. మొదటిది అమ్మ చూసుకునేది, రెండోది నాయనమ్మ. "నీళ్ళు తగ్గించవే" అనేది అమ్మ. "నీళ్ళు బాగా తాగాలమ్మా, అప్పుడే కదులుద్ది" అనేది నాయనమ్మ. ఎవరి మాటా కాదనలేక, నాయనమ్మ ఎదుట చెంబెడు తాగి, అమ్మ ఎదుట దాహం లేనట్టు తిరిగేదాన్ని. ఏది మందో ఏది తప్పో నాకు అంతుపట్టేది కాదు. (వాళ్ళకీ అంతుపట్టలేదని తర్వాత తెలిసింది.)

ఒకరోజు లెక్కల క్లాసులో బెంచీ తడిసింది. పక్కనున్న అమ్మాయి దూరంగా జరిగింది. టీచరుగారు వచ్చి "ఏంటమ్మా ఇది?" అంటే "బాటిల్ కారిందండీ" అన్నాను. "ఏదీ బాటిల్?" "ఇంటి దగ్గరుందండీ." (నీళ్ళు తగ్గించే కార్యక్రమంలో భాగంగా అమ్మ ఆ రోజు బాటిలే ఇవ్వలేదు.) క్లాసంతా ఘొల్లుమంది. ఆవిడ మాత్రం నవ్వలేదు. తన చున్నీ నా నడుముకు చుట్టి, స్టాఫ్ రూములో కూర్చోబెట్టి అమ్మకు ఫోన్ చేశారు. ఇంటికెళ్ళాక, ఇక బడికి వెళ్ళనంటే వెళ్ళనని ఏడ్చాను.

మర్నాడు అమలాపురంలో పిల్లల డాక్టరుగారి ముందు అమ్మా నాయనమ్మా ఒకేసారి మొదలుపెట్టారు. ఆయన నా పొట్ట నొక్కి చూసి, "పెద్దది లోపల తిష్ఠ వేసుక్కూర్చుని చిన్నదాన్ని నొక్కేస్తోందండీ" అన్నారు. నాయనమ్మ మొహం ఎర్రబడింది. "పెద్దదాన్నే గానీ బాబూ, నేనెవర్నీ నొక్కలేదండీ. కోడల్ని కూతుర్లా చూసుకుంటన్నాను, అడగండి!" ఎవరూ అడక్కుండానే అమ్మ "ఆయ్" అంది. డాక్టరుగారు అయోమయంగా ఇద్దర్నీ చూసి, కాగితం మీద బొమ్మ గీశారు: లోపల గట్టిపడిపోయిన మలం, దాని ఒత్తిడికి చోటు చాలని మూత్రాశయం. "రెండు జబ్బులు కావండీ, ఒకటే. నీళ్ళు మాన్పించకండి." తర్వాత నావైపు తిరిగి, "బళ్ళో వెళ్ళవా తల్లీ?" అన్నారు.

"తలుపుకి గడియ లేదండీ" అన్నాను.

ఆ మాట అంతవరకూ అమ్మా నాయనమ్మా అడగలేదు, నేను చెప్పలేదు.

డాక్టరుగారు మందిచ్చి, రోజూ భోజనమయ్యాక పాదాల కింద పీట పెట్టుకుని కాసేపు కమోడ్ మీద కూర్చోమన్నారు. అమ్మ వెళ్ళి చెబితే, టీచరుగారు వారం తిరక్కుండా గడియ పెట్టించారు. బాగుపడడానికి నెలలు పట్టింది. మధ్యలో గౌను తడిసిన రోజులూ ఉన్నాయి గాని ఎవరూ తిట్టలేదు. మొదటిసారి వారమంతా రెండూ సవ్యంగా జరిగాక, కువైట్‌లో పనిచేస్తున్న నాన్నకి నేనే ఫోన్‌లో "నాన్నా, రోజూ అవుతోంది!" అని అరిచాను. ఆయన ఆ గదిలో ఉన్నవాళ్ళందరికీ చెప్పేసినట్టున్నారు, అవతల చప్పట్లు వినిపించాయి. డిగ్రీ పాసైనప్పుడూ, ఉద్యోగం వచ్చినప్పుడూ "మంచిది" అన్నవాళ్ళే అందరూ. అంతమంది, అంత మనస్ఫూర్తిగా నాకోసం చప్పట్లు కొట్టింది ఆ ఒక్కసారే. దేనికో బయటికి చెప్పుకోలేను గాని, తలుచుకుంటే ఇప్పటికీ కాస్త గర్వంగానే ఉంటుంది.