ఎర్రదారం కుట్టు

సేఫ్టీ బెల్టును సగం ధరకు కొన్న మొనగాణ్ణి నేను. బిల్డింగులకు పెయింట్ వేసే మా తమ్ముని కోసం కరీంనగర్‌ల పాతసామాన్ల దుకాణంల బేరమాడి తెచ్చిన. దుకాణాల నడుమ పెరిగినోణ్ణి, ఊకె పెరిగిన్నా?

జమ్మికుంట బస్సుల ఆ బెల్టును ఒడిల పెట్టుకుని మురుస్తుంటే, పక్క సీటు ముసలాయన దాని పట్టీని బొటనవేలితో తడిమిండు. సంచులు కుట్టేటాయనట.

"గీ ఎర్రదారం కుట్టు నాదే, బేటా. చినిగిన పట్టీ తెచ్చి, బండి మీద సామాన్లు కట్టనీకని కుట్టించుకపోయిండ్రు. అది పైనుంచి జారిన మనిషిని ఆపుకుంట చినిగిందని నాకు తర్వాత తెలిసింది. గీ కుట్టు మళ్లొక మనిషిని ఆపదు."

సంచిలకెళ్లి కత్తెర తీసి నా చేతిల పెట్టిండు. "జర కోసెయ్. ఇంకెవ్వరూ తొడగొద్దు."

"కోస్తే దుకాణపాయన వాపస్ తీసుకోడు గదా, చాచా!" అన్న.

ఆయన కత్తెర వెనక్కి తీసుకున్నడు. బస్సు దిగేదాక మళ్ల నా దిక్కు చూడలే.

మర్నాడు కొట్లాడి పైసలన్నీ వాపస్ తెచ్చి, తమ్మునికి కొత్త బెల్టు కొన్న. పాతదాన్ని దుకాణపాయన నా ముందట్నే మేకుకు తగిలించిండు. తర్వాత ఒకసారి అటు పోతే మేకు ఖాళీగ ఉన్నది.

నిజం లెక్క చెప్పాల్నంటే, ఆ బేరంల నాకు పైసా నష్టం రాలే. నష్టమంతా దాన్ని కొనుక్కపోయినాయనదే. ఆయన ఎవరో నాకు తెల్వదు.