తువ్వాల కింది ధర

మొన్న మడమల పగుళ్లకని మందుల దుకాణంలో ఆముదం అడిగితే, దుకాణదారు బంగారు రంగు అక్షరాలున్న చిన్న సీసా ఒకటి చేతిలో పెట్టాడు. దాని మీద ‘ఎగుమతి నాణ్యత’ అని రాసి ఉంది. ఎగుమతి చేసేంత మంచి సరుకైతే నాకెందుకు అమ్ముతున్నారు? బయటి దేశాలవాళ్లు వద్దని తిప్పి పంపిందేమో! ఆ మాటే అడిగితే అతను నన్ను ఎగాదిగా చూసి, “కాళ్లకే గదా పెద్దాయనా” అన్నాడు. సీసా అక్కడే పెట్టి వచ్చేశాను. ఆముదం విషయంలో నన్ను తేలిగ్గా తీసిపారేసినవాళ్లలో అతను మొదటివాడు కాదు. మొదటివాడు మా లెక్చరర్.

అరవైల మొదట్లో నేను హైదరాబాదులో అర్థశాస్త్రం ఎమ్మే చదివాను. కల్వకుర్తి దగ్గరి మా ఊరి నుంచి అంత చదువుకు పోయినవాణ్ని నేనొక్కణ్నే. రెండో ఏడు అంతర్జాతీయ అర్థశాస్త్రం తీసుకున్నాను. అది చెప్పే లెక్చరర్ సర్కారు జిల్లాల నుంచి వచ్చినవాడు, చొక్కా ఇస్త్రీ మడత సాయంత్రానికి కూడా చెదరని మనిషి. ఆయన పాఠంలో ఎప్పుడూ రెండే దేశాలు. ఇంగ్లండు బట్ట నేస్తుంది, పోర్చుగల్ ద్రాక్షసారా తీస్తుంది, రెండూ మార్చుకుంటాయి, ఇద్దరికీ లాభమే. ఆ ‘ఇద్దరికీ’ అన్నచోటే నాకు అనుమానం. ఏ బేరంలోనైనా ఇద్దరూ నవ్వుతూ ఇంటికి పోగా నేను మా దిక్కున చూడలేదు. ఒకరోజు ఆయన మన దేశం నుంచి ఓడలెక్కే సరుకులేవో చెప్పమన్నాడు. అందరూ తేయాకు, జనపనార అన్నారు. నేను లేచి, “మా దిక్కు ఆముదాలు పోతయి సార్, ఓడల మీద సీమదేశాలకు” అన్నాను. తరగతి గొల్లున నవ్వింది. ఆయనా నవ్వి, “ఆముదం తర్వాత తాగుదువుగాని, ముందు కూర్చోవయ్యా” అన్నాడు. ఆ రోజు ఎవరెవరు ఎంతసేపు నవ్వారో ఇప్పటికీ వరసగా చెప్పగలను.

ఏడాది చివర ప్రతి ఒక్కరూ ఒక ఎగుమతి సరుకు మీద పెద్ద వ్యాసం రాయాలి. మొదటి స్థానం వచ్చినవాడికి పరిశోధన సీటు, ఉపకారవేతనం. సీటు ఒక్కటే. అది దొరక్కపోతే నా చదువు అక్కడితో ఆగినట్టే. పంతంకొద్దీ ఆముదాలే తీసుకున్నాను. నా గదిలో ఉండే కొత్తకోట అతనూ అదే తీసుకున్నాడు. వాళ్లదీ ఆముదాల చేనే, కాదనను. కానీ నేను చెప్పిన మర్నాడే అతనికి తన చేను గుర్తుకు రావడమేమిటి? ఆనాటి నుంచి నా కాగితాలు ఇనుప పెట్టెలో వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాను. స్నానానికి పోతూ మూత సందులో ఒక వెంట్రుక ఇరికించి పోయేవాణ్ని. తిరిగి వచ్చేసరికి అది ఉన్నచోటే ఉండేది. దాంతో అనుమానం ఇంకా పెరిగింది. ఎంత నేర్పు ఉంటే మళ్లీ అక్కడే పెట్టగలడు!

ఆ చలికాలం మా నాయిన ఆముదాల బండి కట్టుకొని మహబూబ్‌నగర్ మార్కెటుకు పోతుంటే, ధరలు రాసుకుందామని నేనూ వెంట పోయాను. మాకు బేరం కుదిర్చే అడ్తి సేటు, కొనే వ్యాపారి, గింజలు చేతిలో పోసుకొని చూశారు. తర్వాత ఇద్దరూ కుడిచేతుల మీద ఒక తువ్వాల కప్పుకొని, దాని కింద ఒకరి వేళ్లు ఒకరు నొక్కుకోవడం మొదలుపెట్టారు. ఏ వేలు ఎన్ని రూపాయలో నాకు అంతుపట్టలేదు. పైకి మాత్రం వానల గురించి మాట్లాడుకుంటున్నారు. మా నాయిన పక్కన నిలబడి ఎద్దు మెడ నిమురుతున్నాడు. నాకు ఒళ్లు మండింది. కళ్లముందే మా గింజల ధర మాకు కనబడకుండా తేలుస్తున్నారు! ముందుకు పోయి నా చెయ్యి కూడా తువ్వాల కింద పెట్టాను.

వ్యాపారి పాము తగిలినట్టు చెయ్యి లాక్కున్నాడు. మూడో చెయ్యి తగిలితే ఆ బేరం చెడినట్టే. అది ఆ మార్కెటు కట్టుబాటు. ఆ రోజుకు మరొకరెవరూ ఆ బండిని ముట్టరు.

“ఏంరా పిలగా, గిదేనా నువ్వు పట్నంల సదివేది?” అని సేటు కేక వేశాడు. మా నాయిన దిక్కు తిరిగి, “కొడుకును సదివిచ్చినవ్ గని, చెయ్యి యాడ వెట్టాల్నో నేర్పలే గదయ్యా” అన్నాడు.

చుట్టూ నవ్వులు. మా నాయిన తలవంచుకొని, “తప్పయింది సేటూ, జర మాఫ్ చెయ్యి” అన్నాడు. మర్నాటి దాకా బండి దగ్గరే కూర్చొని, చివరికి అందరికీ పలికిన మామూలు ధరకే అమ్ముకున్నాడు.

తిరుగుదారిలో ఆయన, “బిడ్డా, గా తువ్వాల ముచ్చట ఏందంటే...” అని మొదలుపెట్టాడు.

“నాకేం చెప్పకు నాయినా. గా సేటు నీకు మందు వెట్టిండు” అన్నాను.

ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

సీటు కొత్తకోట అతనికి వచ్చింది. అతని వ్యాసంలో తువ్వాల మీదే ఒక అధ్యాయం ఉంది. సరుకు ఓడలెక్కే బొంబాయి నుంచి ఏ ధర వచ్చినా, వ్యాపారి ఒక రైతుకు అందరి ముందూ పెంచితే అందరికీ పెంచాల్సి వస్తుంది. తువ్వాల కిందైతే, బాగా ఎండబెట్టి తాలు తీసి తెచ్చిన రైతుకు గుట్టుగా నాలుగు రూపాయలు ఎక్కువ ఇవ్వొచ్చు. ఆ రోజు సేటు మా నాయిన కోసం అడుగుతున్నది అదేనన్నమాట. ఆ అధ్యాయాన్ని లెక్చరర్ తరగతిలో చదివి వినిపించాడు. నేను గదికి పోయి అతని మీద విరుచుకుపడ్డాను.

“నా పెట్టె తెరిసినవ్!”

“నీ పెట్టెల గీ ముచ్చట ఉంటె గద భాయ్, తెరవనీకి! మీ నాయిన చెప్పిండు. మొన్న చలికాలంల నీకు రొట్టెలు తెచ్చినప్పుడు నువ్వు లేకుంటివి. రెండు గంటలు కూసొని, నా చెయ్యి వట్టుకొని వేళ్ల లెక్కంత నేర్పిండు.”

వెంటనే బస్సెక్కి ఊరికి పోయాను. నాయిన చేలో ఆముదపు గెలలు కోస్తున్నాడు. “వానికెందుకు చెప్పినవ్?” అన్నాను. నా గొంతు పక్క చేనికి వినబడి ఉంటుంది.

ఆయన కొడవలి ఆపి నా ముఖంలోకి చూశాడు. “ఆ పిలగాడు అడిగిండు బిడ్డా. నువ్వు అడగకపోతివి” అన్నాడు. మళ్లీ వంగి కోయడం మొదలుపెట్టాడు.

నేను హైస్కూలు పంతులునై పాలమూరు జిల్లాలోనే తిరిగాను. కొత్తకోట అతను పెద్ద ఆచార్యుడయ్యాడు. రెండుసార్లు ఉత్తరం రాశాడు, జవాబివ్వలేదు. ఆ రొట్టెల రోజు నేను వచ్చేదాకా నాయిన ఎందుకు ఆగలేదో ఆయన్ని అడగాలని చాలా ఏళ్లు అనుకున్నాను, అడగలేదు. నాకెవరు ఏ అన్యాయం చేశారో ఒక్కటీ మరవకుండా ఏళ్లకేళ్లు కావలి కాశాను. ఆ ఏళ్లలోనే మా నాయిన ముసలివాడయ్యాడు, పోయాడు. అది మాత్రం నేను సరిగ్గా చూడలేదు.