నాగన్న గారికి దక్కని బహువచనం

1958లో నేను జమ్మలమడుగు హైస్కూల్లో ఇంగ్లీషు అసిస్టెంటును. మాది పులివెందుల. నా కోపం ముక్కుమీదే ఉంటుందని ఇంట్లోవాళ్ళు అనేవారు. పిల్లలైతే చాటుగా మిరపకాయ సారు అని పేరు పెట్టుకున్నారు. ఈ మాట ముందే చెప్పడం ఎందుకంటే, ఇప్పుడు రాయబోయే సంగతి తలచుకుంటే ఇన్నేళ్ళకు కూడా నాకు ఆ కోపం తిరిగి వస్తుంది.

ఆ రోజుల్లో ఎస్.ఎస్.ఎల్.సి. తరగతిని ఆరో ఫారం అనేవారు. పిల్లలు ఎక్కువమంది దెబ్బతినేది ఇంగ్లీషులో. ఇంగ్లీషులో ఎక్కువగా దెబ్బతీసేది అగ్రిమెంట్, అంటే కర్తకు తగిన క్రియ వాడటం. కర్త ఒకటైతే ఈజ్, ఎక్కువైతే ఆర్. ఇంతవరకు ఎవరైనా చెబుతారు. చిక్కంతా మాయదారి కర్తలతోనే. ‘ఈచ్ ఆఫ్ ద బాయ్స్’ అంటే కంటికి గుంపు కనిపిస్తుంది, లెక్కకు మాత్రం ఒక్కడే, కాబట్టి ఈజ్. ‘క్యాటిల్’ అంటే ఒక్క మాటే, లోపల మంద ఉంది, కాబట్టి ఆర్. ‘బ్రెడ్ అండ్ బటర్’ రెండుగా కనిపించినా ఒకటే తిండి. మా పిల్లలు బ్రెడ్డును చూసింది లేదు గనుక, సంగటీ ఊరిబిండి పచ్చడీ కలిపితే ఒకే ముద్ద కదరా అని చెప్పేవాణ్ణి. అప్పుడు నవ్వుతూ పట్టేసుకునేవారు.

మన పిల్లలు మాత్రమే చేసే తప్పు ఇంకొకటుంది. తెలుగులో కలెక్టరు వచ్చినారు అంటాం గనుక, ఇంగ్లీషులోనూ ‘ద కలెక్టర్ ఆర్’ అని రాసేస్తారు. ఒక్క మనిషికే మర్యాద కోసం బహువచనం ఇచ్చేస్తారు. “ఇంగ్లీషు క్రియ ఎవరికీ దండం పెట్టదురా, రాజుకైనా ఈజే” అని నేను బల్ల గుద్ది చెప్పేవాణ్ణి.

తరగతిలో ఈ తప్పు ఒక్కసారి కూడా చేయనివాడు ఓబులేసు. మాదిగవాడ నుంచి వచ్చేవాడు. వాళ్ళ నాయన నాగన్న గారు బావులనుంచి నీళ్ళు తోడే కపిలలకు తోలు తొండాలు కుట్టేవారు. ఆయన పనితనానికి ముద్దనూరు వైపు నుంచి కూడా రైతులు వచ్చేవారు. వచ్చినవాళ్ళంతా, ఆయన మనుమడి వయసు ఉన్నవాళ్ళతో సహా, ఆయనను ‘ఒరే నాగిగా’ అనే పిలిచేవారు. ఓబులేసును ఆ ఏడాదే చదువు మానిపించి తన దగ్గర జీతానికి పెట్టమని ఒక పెద్ద రైతు ఆయన మీద ఒత్తిడి పెడుతున్నాడు. పరీక్ష పాసయితే గుమాస్తా ఉద్యోగమో, టీచరు ట్రైనింగో. తప్పితే ఆ రైతు దొడ్లో పశువుల వెనక. మధ్య దారి లేదు.

ఇనస్పెక్షన్ రోజు వచ్చింది. అప్పటి బళ్ళలో ఒక దిక్కుమాలిన అలవాటు ఉండేది. ఇనస్పెక్టరు వచ్చే రోజున మంచి బట్టలు కట్టిన పిల్లలను ముందు బెంచీలో కూర్చోబెట్టి, వాళ్ళే చేతులెత్తాలని ముందుగా చెప్పేవారు. మా హెడ్‌మాస్టరు అలాగే చేశాడు. ఓబులేసును చివరి బెంచీకి తోశాడు. ఇనస్పెక్టరు ఈ ఎత్తులన్నీ చూసినవాడు కాబట్టి, నేరుగా చివరి బెంచీకే వేలు చూపించి, “మీ నాన్న గురించి ఒక వాక్యం రాయి” అన్నాడు.

ఓబులేసు బోర్డు దగ్గరికి వెళ్ళి రాశాడు: ‘మై ఫాదర్ ఆర్ ఎ లెదర్ వర్కర్.’

ఇనస్పెక్టరు నవ్వాడు. “ఎంతమంది నాన్నలోయ్ నీకు?” అన్నాడు.

హెడ్‌మాస్టరు ఇంకా గట్టిగా నవ్వి, “వాళ్ళ నాయన్ను ఊరంతా ఒరే అంటాది సార్. వీడు ఆర్ అంటాండాడు!” అన్నాడు. ముందు బెంచీ మొత్తం పకపకలాడింది. ఓబులేసు సుద్దముక్క జాగ్రత్తగా బల్లమీద పెట్టి, తల దించకుండా తన చోటికి నడిచాడు. నా ఒళ్ళు మండిపోయింది. “తప్పుకు నవ్వండి, తండ్రికి నవ్వకండి” అన్నాను. ఇనస్పెక్టరు ముఖం గంటు పెట్టుకుని పక్క తరగతికి వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఓబులేసును ఆపి అడిగాను. “యేందిరా అది? నిద్రలో లేపి అడిగినా తప్పు చెప్పవు గదా నువ్వు?”

“తెలుసు సార్, ఈజ్ రాయల్ల. తెలిసే రాసినా.”

“ఎందుకు?”

“ఈ ఊర్లో మా నాయన్ను రండి అనేటోళ్ళు యాడా లేరు సార్. ఇంట్లో మేమూ అనం, మాకు నోరు తిరగదు. బోర్డు మీదన్నా ఒక్కసారి అందామనుకున్యా.”

వాడన్నది నిజమే. కానీ నేను ఇంగ్లీషు అయ్యవారిని, తప్పును తప్పు అనకుండా ఉండలేను. “మీ నాయనకు తప్పుడు మర్యాద ఎందుకురా? వ్యాకరణం ఒప్పుకునే దారి ఉంటే వెతుకు” అన్నాను. వాడు పుస్తకాలు తీసుకుని వెళ్ళిపోయాడు.

తరువాత సెలక్షన్ పరీక్ష వచ్చింది. పబ్లిక్ పరీక్షకు ఎవరిని పంపాలో తేల్చడానికి బడిలోనే పెట్టే పరీక్ష అది. తప్పేవాళ్ళను ఆపడానికి దాన్ని పెట్టారు. గిట్టనివాళ్ళను ఆపడానికి మా హెడ్‌మాస్టరు వాడుకునేవాడు. సొంతంగా వాక్యం రాయమన్న ప్రశ్నకు ఓబులేసు ఇలా రాశాడు: ‘బోత్ ద హెడ్‌మాస్టర్ అండ్ మై ఫాదర్ ఆర్ మెన్.’ హెడ్‌మాస్టరూ మా నాయనా ఇద్దరూ మనుషులే అని. నేను పూర్తి మార్కులు వేశాను.

హెడ్‌మాస్టరు ఆ పేపరు పట్టుకుని ఊగిపోయాడు. “ఎంత బలుపు వానికి! నన్నూ ఆ నాగిగాన్నీ ఒక్క వరసలో నిలబెడతాడా? మార్కులు కోసెయ్యప్పా.”

“తప్పు చూపించండి, కోస్తా.”

“తప్పు కాదయ్యా, పొగరు!”

“పొగరుకు మార్కులు కొయ్యడం నాకు ట్రైనింగులో నేర్పలేదు.”

మరుసటి రోజు అతను నాగన్న గారిని పిలిపించాడు. ఆయన వచ్చి, చెప్పులు బయటే విడిచి, ఆఫీసు గడప అవతల నిలబడ్డారు. “ఒరే నాగిగా, నీ కొడుక్కు ఈ చదువులు పనికిరావు. పిల్చకపోయి పనిలో పెట్టుకో” అన్నాడు హెడ్‌మాస్టరు. నేను కుర్చీలోంచి లేచాను. నేను నోరు తెరిచేలోగా నాగన్న గారే మాట్లాడారు.

“మావాడు తప్పు రాసినాడా సారూ?”

“తప్పు గాదు గానీ...”

“తప్పు రాసింటే చెప్పండి, ఈ పొద్దే పిల్చకపోతా. తప్పు ల్యాకుంటే పరీచ్చకు పంపీండి. నేను తొండం కుట్టినాక నీళ్ళు కారితే దుడ్లు అడగను. కారకుంటే కుట్టిన చేయి ఎవురిదని ఎవురూ అడగకూడదు.”

ఆ గదిలో అంత తిన్నగా ఎవరూ మాట్లాడగా నేను వినలేదు. ఓబులేసు పేరు కొట్టేస్తే ఆరో ఫారానికి ఇంగ్లీషు హెడ్‌మాస్టరే చెప్పుకోవాలని, నేను ఆ తరగతిలో అడుగు పెట్టనని అప్పుడు అన్నాను. ఇంగ్లీషు చెప్పే ఇంకొకరు కావాలంటే ప్రొద్దుటూరు నుంచి రావాలి. అతను పళ్ళు నూరుతూ పేరు ఉంచాడు. న్యాయానికి తలవంచి కాదు, గతిలేక. దానికే నాకు ఇప్పటికీ మంట.

ఓబులేసు పాసయ్యాడు. ఫలితాలు వచ్చిన రోజు తండ్రీకొడుకులు ఇద్దరూ బడికి వచ్చారు. హెడ్‌మాస్టరు వరండాలోనే ఎదురయ్యాడు. పాస్ రావడం బడికీ మంచి పేరే గదా, అందుకని మెత్తబడి, “ఏం నాగన్నా, కొడుకు పాసయినాడంటనే?” అన్నాడు. నాగిగాడు ఆ రోజుకు నాగన్న అయ్యాడు. ఆ ఒక్క ‘అన్న’ కోసం ఒక పిల్లవాడు ఇంత పోరాడాల్సి వచ్చింది.

నాగన్న గారు అతని కళ్ళలోకి చూసి, మాట నొక్కి, “పాసయినారు సారూ” అన్నారు. కన్నకొడుకుని. పక్కన ఓబులేసు గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. తనకు ఎవరూ ఇవ్వని బహువచనాన్ని ఆయన కొడుక్కి ఇచ్చి, కొడుకును తీసుకుని మెట్లు దిగిపోయారు.

ఆ తరువాత చెన్నూరులో, మైదుకూరులో ఎన్నో ఏళ్ళు ఇదే అగ్రిమెంట్ పాఠం చెప్పాను. ‘ఒకరికి ఈజ్, ఎక్కువమందికి ఆర్’ అన్న సూత్రం ఒక పూటలో నేర్పవచ్చు. ఎవరిని మనిషిగా లెక్కపెట్టాలో ఈ దేశానికి ఏ పుస్తకంతో నేర్పాలో నాకు తెలియలేదు. నా వంతుగా, ఏ పిల్లవాడి తండ్రి బడికి వచ్చినా లేచి నిలబడి ‘రండి’ అన్నాను.

చదువుతున్నవాళ్ళలో కొందరికి ఈపాటికి కోపం వచ్చి ఉంటుంది. హెడ్‌మాస్టరును ‘అన్నాడు’ అని, ఇనస్పెక్టరును ‘వెళ్ళిపోయాడు’ అని, తోలు కుట్టే మనిషిని మాత్రం ‘వచ్చారు’ అని రాశానేమిటని. పొరపాటు పడలేదు. తెలిసే రాశాను.