ఆవిరి గొట్టం గుట్టు

ఫ్యాక్టరీ బాయిలర్ గదిలో ఆవిరి గొట్టం గోడ పక్కన మూడుసార్లు ఒకేచోట చీలింది. మూడుసార్లూ అతికించింది వెల్డరక్కే.

"నీ అతుకులో బలం లేదు" అన్నాడు మేనేజరు. ఆ మాట ఆమెకు మింగుడు పడలేదు.

నాలుగోసారీ అక్కడే చీలింది. ఈసారి అతికించాక, గొట్టం చల్లగా ఉండగానే, గోడకు అవతల మలుపు దగ్గర గొట్టాన్నీ దాని కింది దిమ్మనూ కలుపుతూ సుద్దగీత గీసింది. ఆవిరి వదిలిన గంటకు చూస్తే గీత రెండు ముక్కలైంది. మధ్యలో రెండు వేళ్ల ఎడం!

వెంటనే డిజైన్ ఇంజనీరమ్మను లాక్కొచ్చింది. "చూడండమ్మా, గొట్టం వేడికి సాగి ఇంత పక్కకు జరిగింది. గోడ దగ్గరేమో కదలనివ్వకుండా బిగించేశారు. పాపం, ఎటు పోతుంది?"

ఇంజనీరమ్మ లెక్క కట్టింది. "నిజమే అక్కా, ఒత్తిడంతా నీ అతుకు మీదే పడుతోంది."

గొట్టం సాగడానికి వీలుగా మధ్యలో తలుపు చట్రంలాంటి వంపు పెట్టారు. మళ్లీ చీలలేదు. ఇప్పుడు కొత్త నక్షా గీసినప్పుడల్లా ఇంజనీరమ్మ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంటోంది.