దస్తగిరి సాయిబు ఊపిరి

రాజోలు రేవులో ఒంటరిగా ఉండే దస్తగిరి సాయిబు ఊదితే గోదావరి మొసలికైనా పంటినొప్పి పోయేదట. ఇది తగ్గించి చెప్పిన మాటే. వైద్యుడు లేని ఆ లంకల్లో ఆయనే దిక్కు. పింగాణీ పళ్లెంలో కుంకుమపువ్వు నీళ్లతో ఖురాను వాక్యం రాసి, కడిగి తాగించేవాడు. ఆపైన నుదుట మూడుసార్లు ఊదేవాడు. ఎవరి ఊపిరీ వాళ్లకు పనిచెయ్యదని ఆయన నమ్మకం. అందుకే ఒకసారి తనకే జ్వరమొస్తే, మూడు రోజులు కాగిపోతూ, పలకరించేవాళ్ల కోసం గుమ్మంకేసి చూస్తూ పడుకున్నాడు. నాలుగోనాడు పడవవాళ్ల వీరవేణి జ్వరమొచ్చిన బిడ్డను ఎత్తుకొచ్చింది. ఆయన వణుకుతూనే లేచి ఊదాడు.

“ఇయ్యాల మీ ఊపిరి నిప్పులా తగిలిందండి సాయిబుగారూ. ఇంక జొరం ఉంటదేటండి?”

“నాకూ జ్వరమేనమ్మా.”

“మీరు మరీనండి. మీకు జొరమేటండి,” అని నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

మర్నాడు ఆ వేడి ఊపిరి కోసం రేవుదాకా జనం బారులు తీరారు. అందరికీ ఊదాడు. ఆయన నుదురు ముట్టి చూసినవారు ఒక్కరూ లేరు.