సారు దిద్దిన వయసు

మా పెద్దసారు పోయారని చెల్లెలు శుక్రవారం పొద్దున ఫోన్ చేసి చెప్పింది. "నిద్రలనే పోయిండ్రట అక్కా. మంచిగ పోయిండ్రు" అంది. నేను దేవుడి ముందు కాసేపు కూర్చున్నాను. కాజీపేటలో సారుది మా పక్కిల్లే. తెల్లవారుజామున ఆయన ఫజర్ నమాజు, మా ఇంటి దీపం ఏళ్ల తరబడి ఒకే వేళకు సాగాయి.

ఎనభైల మొదట్లో ఒక ఆదివారం పొద్దు నాకు బాగా గుర్తు. అప్పటికి నా పెళ్లయి ఏడాది. పుట్టింటికి వచ్చి ఉన్నాను. వాకిట్లో ముగ్గు వేస్తుంటే సారు పాలగిన్నెతో వచ్చి ఆగారు. రిటైరైనా ఆయన జేబులో సుద్దముక్క ఉండేది. ముగ్గు గీత ఎక్కడ వంకరపోయిందో దాంతో చూపించి, బాగుందని తల ఊపారు. నాయన లోకోషెడ్డులో డ్యూటీ దిగి వచ్చి నీళ్లు పోసుకుంటున్నాడు. లోపల అమ్మ సర్వపిండి కాలుస్తోంది. ఆ వాసనకు సారు అరుగు మీద కూర్చున్నారు. "నాకో ముక్క పెట్టు చెల్లే, ఇంట్ల చెప్పకు" అన్నారు. వాళ్లింట్లో ఆయనకు నూనె వద్దన్నారు మరి.

పళ్లెం తెచ్చిన అమ్మ కళ్లు వాచి ఉన్నాయి. సారు చూశారు. బడిలోనూ అంతే. ఏ పిల్లయినా ముడుచుకుని కూర్చుంటే పాఠం ఆపేవారు. "ముందుగాల కడుపుల మాట చెప్పు, ఎక్కాలు ఏడికి పోతయ్" అనేవారు. ఆ రోజు ఏమీ అడగలేదు. చెల్లెలే వచ్చి ఎదురుగా కూర్చుని చెప్పింది.

నాయనకు షెడ్డులో ఒక స్నేహితుడు. మేము కాక అని పిలిచేవాళ్లం. అంతకు నెల ముందు చెల్లెలికి సంబంధం చెప్పడానికి వచ్చాడు. అతనికి మంచినీళ్లు ఇవ్వనని చెల్లెలు నిలబడిపోయింది. తనకు పదేళ్లప్పుడు, నాయన డ్యూటీలో ఉన్న వేళల్లో, లెక్కలు నేర్పుతానని వచ్చి అతను తనను ఏం చేశాడో ఆ పూటే అమ్మకూ నాకూ చెప్పింది. అమ్మ నాయనకు చెప్పింది. ఠాణాకు పోతే ఫిర్యాదు కూడా రాసుకోలేదు. హన్మకొండలో వకీలు మాత్రం పరిహారం దావా వేయొచ్చన్నాడు. చిన్నప్పుడు జరిగినదానికి పద్దెనిమిదేళ్లు నిండేదాకా గడువు మొదలు కాదట. ఆ తర్వాత మూడేళ్లు. చెల్లెలికి నిజంగా ఇరవై. బడి సర్టిఫికెట్‌లో ఇరవై రెండు. దాని ప్రకారం గడువు దాటిపోయింది.

ఆ రెండేళ్లు ఎలా వచ్చాయో మా ఇంట్లో అందరికీ తెలుసు. అప్పట్లో బడిలో చేరడానికి పుట్టిన తేదీ ఎవరూ అడగలేదు. కుడిచెయ్యి తల మీదుగా పోయి ఎడమచెవిని అందుకుంటే ఈడు వచ్చినట్టే. నాకు ఆరేళ్లు, అందింది. నాలుగేళ్ల చెల్లెలికి అందలేదు. అక్కను విడిచి ఉండదని నాయన బతిమాలితే, సారు నవ్వి దాని తల కాస్త వంచి చెవి అందించారు. నా వయసే దానికీ రాశారు. బడి లెక్కలో మేమిద్దరం కవలలం.

గడువు దాటిందన్న మాట నాయనకు ఊరటలా ఉంది. షెడ్డులో రోజూ చూడాల్సిన ముఖం అది. "ఇగ ఇడిసిపెట్టు బిడ్డా. కాయిదమే కాదంటాంది" అన్నాడు తల తుడుచుకుంటూ.

"కాయిదం సంగతి సరే నాయినా. నువ్వేమంటవ్?" అంది చెల్లెలు.

నాయన తువ్వాలు పిండి దండెం మీద వేశాడు. సారు లేచి తాను తిన్న పళ్లెం కడిగి బోర్లించారు. ఎవరింట్లో తిన్నా అది ఆయన అలవాటు. తిరిగొచ్చి, "ఆ కాయిదం రాసింది నేను. చెవి అందకపోతే నేనే తల వంచిన అని జడ్జి ముంగట చెప్త" అన్నారు.

పింఛను మీదికి వస్తుందేమోనని నాయన భయపెట్టబోయాడు.

"ఫికర్ జెయ్యకు. ఇన్నేండ్లు పిల్లల తప్పులు దిద్దిన. జర నాది గూడ దిద్దుకోనియ్యి." చెల్లెలి వైపు తిరిగి, "ఇప్పుడన్న చెవి అందుతాందా బిడ్డా?" అన్నారు. ఆ నెలలో అది మొదటిసారి నవ్వింది.

చెప్పినట్టే బోనెక్కారు. అయితే మీ బడిలో వయసులన్నీ అబద్ధమేనా అని ఎదుటి వకీలు ఎగతాళి చేశాడట. "సగానికి ఎక్కువనే అయ్యా. మీరు గూడ మా బడేనా?" అన్నారట సారు. జడ్జిగారు కూడా నవ్వారని చెల్లెలు ఇప్పటికీ చెబుతుంది. దావా నిలిచింది. సారు పింఛనూ నిలిచింది.

ఇవన్నీ తర్వాతి సంగతులు. సారును తలచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది ఆ ఆదివారం సాయంత్రమే. అన్నాలయ్యాక నాయన అందరినీ కూర్చోబెట్టాడు. దావా వేయాలని, చెల్లెలి పేరు దాచకుండా వేయాలని, సంబంధాలు తప్పిపోతే పోనీ అని అనుకున్నాం. షెడ్డులో ఆ మనిషి పక్కన టిఫిన్ డబ్బా విప్పడం రేపటినుంచే మానేస్తానన్నాడు నాయన. వకీలు దగ్గరికి చెల్లెలి వెంట ఎవరు పోవాలన్న మాట వచ్చింది. అమ్మ నా వైపు చూసింది. నాయన తానే పోతానన్నాడు.